రెండు జేబుల్లో రెండు కప్పులు

వెండెలిన్ ఎడమ జేబులో చెయ్యి పెట్టి, కప్పు అడుగున మిగిలిన జిగురు మీద బొటనవేలి గోరు ఆనించి నొక్కాడు. దిగింది. పొద్దున కాఫీ తాగుతూ నొక్కినప్పుడూ దిగింది, కారెక్కే ముందు నొక్కినప్పుడూ దిగింది, దిక్కుమాలిన జిగురు, మూడు వారాలైనా ఇంకా జున్నుముక్కలాగే ఉంది. కుడి జేబులో ఇంకో కప్పుంది. దాన్ని నొక్కి చూడక్కర్లేదు, అది రాయి, చలికాలంలో విమానం రెక్కలు అతికించినప్పుడు మిగిలింది. రెండూ ఒకే రకం ప్లాస్టిక్ కప్పులు, రెండింట్లోనూ అదే తేనెరంగు జిగురు, పక్కపక్కన పెడితే తనకే తేడా తెలియదు. ఓస్విన్ బావ వచ్చి, కప్పేదిరా అని చెయ్యి చాపితే ఏ జేబులో చెయ్యి పెట్టాలో మాత్రం వెండెలిన్ పొద్దున్నే తేల్చుకున్నాడు. కుడి జేబు. గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికి తనే చెప్పుకున్నాడు, కుడి జేబురా, ఎడమ జేబు జోలికి పోయావో నీ అంత పాపాత్ముడు ఇంకోడుండడు.

దూరంగా ఊళ్ళో చర్చి గంట ఒకటి కొట్టింది. ఆదివారం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఈ మైదానంలో ఇంజన్ చప్పుడు వినపడకూడదు. జనం భోంచేసి నడుం వాల్చే వేళ, ఆ మాట మీదే ఊరివాళ్ళు ఈ గడ్డి మైదానాన్ని మోడల్ విమానాల క్లబ్బుకి ఇచ్చారు. అందుకని అందరూ బల్లల దగ్గర కూర్చుని ఆలుగడ్డ సలాడ్ తింటున్నారు, ఎవరో బీరు సీసా మూత తీశారు, చుట్టూ ఆవ చేలు పసుపు పోసినట్టున్నాయి, గాలి అన్నమాటే లేదు. గాలి చూపించే గుడ్డగొట్టం కర్రకి జోలెలా వేలాడుతోంది. కాస్త ఊగవే తల్లీ అన్నాడు వెండెలిన్ లోపల్లోపల. ఊగితే గాలి బాగాలేదు బావా అనొచ్చు. అదీ ఊగదు. రెండు కొట్టేసరికి హెడ్విక్ అక్క ఓస్విన్ బావని వ్యాన్లో తీసుకొస్తుంది. ఆస్పత్రివాళ్ళు ఒక్క మధ్యాహ్నానికి ఒప్పుకున్నారు, సాయంత్రానికి మంచం మీద ఉండాలన్నారు. మళ్ళీ ఎప్పుడు పంపిస్తారు అని అక్క అడిగితే ఆ డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసిందట, అదే జవాబు.

మైదానం చివర గొడుగు నీడలో, తెల్లటి దుప్పటి కింద జెట్ ఉంది. మనిషి పడుకున్నంత పొడుగు. నాలుగు చలికాలాలు పట్టింది దాన్ని చెయ్యడానికి. సోడాసీసా అంత ఇంజన్, కిరసనాయిలు తాగుతుంది, అసలు జెట్ లాగే ఈల వేస్తుంది, నిప్పులాంటి గాలిని తోకలోంచి వదులుతుంది. తంటా అంతా ఆ తోకలోనే ఉంది. తోక రెక్కల్ని పట్టుకునే చెక్క చట్రం ఆ వేడి గొట్టానికి వేలెడు దూరంలో ఉంటుంది. దాన్ని అతికించిన జిగురు వేడికి లొంగకూడదు, అదిరినా వదలకూడదు. అదే ఇప్పుడు జున్నుముక్క. పోనీ ఎగరేసేద్దామా అని వెండెలిన్ ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు అనుకున్నాడో. ఒక్క చుట్టు, మెల్లగా, ఒకే ఒక్క చుట్టు, బావ కళ్ళారా చూస్తాడు. ఆ వెంటనే ఇంకో బొమ్మ వచ్చేస్తుంది, తోక ఊడి, పట్టు తప్పి, కిరసనాయిలు కడుపుతో అది ఆ చేల అవతల రోడ్డు మీదికి దూసుకుపోవడం. ఆదివారం ఆ రోడ్డు నిండా పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకున్న సైకిళ్ళే. లేదు, కుదరదు, ఇది ఎగరదు. ఇవాళే కాదు, బావ ఉండగా ఇంక ఎగరదు. చట్రం పీకి, ఆ జిగురంతా గీకి, మళ్ళీ అతికించాలంటే తోక సగం కొయ్యాలి, ఎండాకాలం మొత్తం పడుతుంది. బావ దగ్గర ఎండాకాలం లేదు.

జిగురు. అసలు ఈ జిగురు కోసం తల ప్రాణం తోకకొచ్చింది. క్లబ్బులో సగంమంది అయిదు నిమిషాల బాపతే వాడతారు, రెండు గొట్టాలు పిండు, కలుపు, అంటించు, టీ తాగేలోపు ఎగరెయ్యి. వెండెలిన్‌కి దాన్ని చూస్తే ఒళ్ళుమంట. అది ఎండలో నిలబెట్టిన కారులోనే మెత్తబడుతుంది, జెట్ తోకలో ఎక్కడ నిలుస్తుంది. నెమ్మదిగా గట్టిపడేది కావాలి, రాత్రంతా తీసుకునేది, తర్వాత వెచ్చగా ఉంచితే ఇంకా బిగిసేది. జీవితమంతా దంతాల ల్యాబులో పళ్ళసెట్లు చేసిన చేతులు అతనివి, ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో ఆ చేతులకి తెలుసు. ఊళ్ళో మోడల్ సామాను అమ్మే ముసలామె ఉన్నన్నాళ్ళూ బాధ లేదు, ఆమె కన్ను మూసింది, ఆ కొట్టులో ఇప్పుడు గోళ్ళరంగులు వేస్తున్నారు. ఫోను చేసిన ప్రతిచోటా ఒకటే మాట, డబ్బా మొత్తం కొనాలి, డబ్బా అంటే పెయింటు డబ్బా, దాంతో ఊరంతా అతికించొచ్చు. చివరికి కొండ మీద గ్లైడర్లు బాగుచేసే షెడ్డాయన దయతలిచి, ఆవపిండి చట్నీ ఖాళీ సీసాల్లో పోసిచ్చాడు, పెద్ద సీసాలో రెజిన్, అంటే అసలు జిగురు, చిన్న సీసాలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. ఓస్విన్ బావ ఆ సీసా మూత తీసి వాసన చూసి, “బామ్మర్దీ, దీంతో సాసేజ్ తినేసేవు జాగ్రత్త” అన్నాడు. ఎంత నవ్వాడు ఆ రోజు. అప్పటికి ఇంకా జుట్టుంది.

చలికి రెజిన్ పేరుకుపోతే, గడ్డకట్టిన తేనెని కరిగించినట్టు వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి కరిగించేవాళ్ళు. బావ గిన్నె దగ్గర కూర్చుని నీళ్ళలో వేలు పెట్టి చూసేవాడు, చాలు అనేవాడు, ఇంకాస్త అనేవాడు. నిరుడు ఒకరోజు ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి అలాగే ఉండిపోయాడు. ఏంటి బావా అంటే, “వేడిగా ఉన్నాయా?” అని అడిగాడు. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. మందుల వల్ల అలా అవుతుందట, కాన్సర్ మందులు వేళ్ళ చివర్ల నుంచి స్పర్శని తినేస్తాయట, ముందు చెబితే ఎవడైనా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టనిస్తాడా. అప్పటినుంచి ఎగరేసే పని వెండెలిన్‌కి వచ్చిపడింది. అంతకుముందు చేసేది తను, ఎగరేసేది బావ, ముప్ఫయ్యేళ్ళ నుంచీ అంతే. “ఏముందిరా, నీకు ఎగరెయ్యడం రాదు, నాకు ఓపిగ్గా అతికించడం రాదు, అక్కని నాకిచ్చినందుకు దేవుడు మనిద్దరికీ వేసిన ముడి ఇది” అనేవాడు బావ. అక్క మూతి తిప్పుకునేది, “నన్ను ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, నేనే వచ్చా, అదే నా పొరపాటు” అనేది.

గోరు మళ్ళీ ఎడమ జేబులోకి పోయింది. దిగింది. ఈ కప్పు అలవాటు ఈ క్లబ్బులో ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అతుకుని ముట్టుకుని చూడకూడదు, కప్పులో మిగిలిన దాన్ని చూడాలి, రెండూ ఒకే జిగురు కాబట్టి కప్పెలా ఉంటే అతుకు అలా ఉన్నట్టే. కొత్త విమానం మొదటిసారి ఎగిరే రోజు, ఆఖరి అతుకు కప్పు మైదానానికి రావాలి, దాన్ని కలిపినవాడు అందరిముందూ గోరు నొక్కి “రాయి” అనాలి, అప్పుడు అందరూ చప్పట్లు. ఆఖరి అతుకు కలిపింది ఓస్విన్. అందుకే వస్తున్నాడు. ఎగరడం చూడ్డానికే కాదు, “రాయి” అనడానికి వస్తున్నాడు. బావ వేళ్ళకి ఏమీ తెలియదు కాబట్టి ఏ కప్పు ఇచ్చినా ఒకటే కదా అని మనసు పీకుతోంది. ఒకటి కాదు. ఎడమది ఇస్తే గోటి గీత పడుతుంది, కళ్ళు బాగానే ఉన్నాయి ఆయనకి. కుడిది ఇస్తే గీత పడదు, రాయి అంటాడు, చప్పట్లు కొడతారు, తర్వాత ఇంజన్ రాజుకోలేదనో తీగ తెగిందనో తను ఏదో ఒకటి చెబుతాడు. తప్పు ఇంజన్ మీదికి పోతుంది. తన మీదికి వచ్చినా ఫర్వాలేదు. బావ చేతి మీదికి మాత్రం రాకూడదు.

ఆ చెయ్యి. ఏప్రిల్లో ఆ మధ్యాహ్నం వెండెలిన్ ఇంటి నేలమాళిగలో చలి ఇంకా వదల్లేదు, బావ మెట్లు దిగడానికే ఎంతోసేపు పట్టింది, పైన అక్క వద్దు వద్దంటూనే ఉంది. “ఆఖరిది నేనే కలుపుతా, ఇంకేం మాట్లాడకు” అని స్టూలు మీద కూర్చున్నాడు. వెండెలిన్ త్రాసు మీద కప్పు పెట్టాడు, రెజిన్ పోశాడు, తూచి హార్డెనర్ పోశాడు, ఇక కలపడమే. జిగురు చిక్కబడ్డానికి దూదిపొడి తీసుకుందామని అటు తిరిగి ఇటు తిరిగేసరికి బావ చిన్న సీసా ఎత్తి పట్టుకున్నాడు. “చలిగా ఉందిరా, ఇంకో చుక్క పడాలి.” చుక్క కాదు, స్పర్శ లేని వేళ్ళు, సీసా బరువు తెలియలేదు, బుడుక్కుమని పడింది. పడవల షెడ్డులో నలభై ఏళ్ళు అదే పని చేశాడాయన, సరస్సు ఒడ్డున, పడవలకి వేసే ఆ జిగురు వేరు, దానికి చలి రోజున హార్డెనర్ కాస్త ఎక్కువేస్తే త్వరగా పడుతుంది, ఆ చెయ్యికి అదే తెలుసు. ఇది ఆ జాతి కాదు. దీన్లో రెండూ సరిజోడు కుదరాలి, ఒకటి ఎక్కువైతే అది జోడు దొరక్క అలాగే ఉండిపోతుంది, ఎన్నేళ్ళైనా మెత్తగానే. వెండెలిన్‌కి అది తెలుసు. అందరికన్నా బాగా తెలుసు. నోరు తెరిచాడు కూడా. బావ పుల్లతో తిప్పుతున్నాడు, నాలుక కొస బయటపెట్టి, చిన్నపిల్లాడిలా, నెలల తర్వాత ఆ మొహంలో జబ్బు తప్ప ఇంకోటి కనపడింది. నోరు మూసుకున్నాడు. కొంచెమేలే అనుకున్నాడు. బావ చట్రానికి తనే పూశాడు, తనే నొక్కి పట్టుకున్నాడు, చట్రం జారబోతే వెండెలిన్ ఆ చెయ్యి మీద చెయ్యి వేశాడు, ఇద్దరూ అలా కాసేపు ఉన్నారు. ఆయన వెళ్ళగానే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచేసి కొత్తది కలిపి ఉండొచ్చు, ఇంకా తడిగానే ఉంది. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తుడవలేకపోయాడు. బావ తన చేత్తో చేసిన ఆఖరి పని అది, ఎలా తుడుస్తాడు.

ఇక ఆ తర్వాత చెయ్యని వెధవ పని లేదు. వెచ్చగా ఉంటే బిగుస్తుందేమోనని తన మంచం మీది కరెంటు దుప్పటి తీసి తోకకి చుట్టాడు, జలుబు చేసింది తనకి. జుట్టు ఆరబెట్టే మిషను పెట్టాడు, వేడికి ఇంకా మెత్తబడింది. కొండ మీది గ్లైడర్ల షెడ్డాయనకి ఫోను చేసి, ఎవరో తెలిసినతని సంగతన్నట్టు అడిగాడు. ఆయన అంతా విని, “మీ తెలిసినతనికి చెప్పండి, ఆశ పెట్టుకోవద్దని” అన్నాడు. అయినా కప్పుని కారు అద్దం కింద ఎండలో పెట్టాడు, మేరీమాత బొమ్మ పక్కన పెట్టాడు, ఇప్పుడు జేబులో పెట్టుకుని కోడి గుడ్డు పొదిగినట్టు పొదుగుతున్నాడు. తిక్క కాకపోతే ఏంటి.

“ఏరా పళ్ళాయనా, ఏంటలా గుంజకి కట్టినట్టు కూర్చున్నావ్?” గెబ్‌హార్ట్. ఇవాళ మైదానం బాధ్యత అతనిది, ఏది ఎగరాలో ఏది ఎగరకూడదో చెప్పేది అతనే. చేతిలో ఉప్పు చల్లిన ప్రెట్జెల్ రొట్టె, సగం కొరికింది. “తిను. చేతులు వణికితే జెట్‌ని గడ్డిలో నాటుతావు. ఓస్విన్ వస్తున్నాడటగా, మా ఆవిడ ప్లమ్ కేకు చేసింది, నీకు కాదులే.”

“గెబ్‌హార్ట్, గాలి కాస్త ఉన్నట్టుంది కదూ” అన్నాడు వెండెలిన్.

గెబ్‌హార్ట్ గుడ్డగొట్టం వంక చూశాడు, వెండెలిన్ వంక చూశాడు. “భయమేస్తోందా? నాకూ వేస్తుందిరా, అంత కష్టపడి చేశాక. వేసుకో, ఫర్వాలేదు” అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మంచివాడు. మంచివాళ్ళతోనే వచ్చింది ఈ చిక్కంతా. ఒక్కడు, ఒక్కడైనా దుర్మార్గుడు ఉండి, ఛీ ఈ తోక బాలేదు తీసుకుపో అంటే ఎంత బాగుండేది. ప్రెట్జెల్ నోట్లో ఇసకలా తిరుగుతోంది. ఈ ముప్ఫయ్యేళ్ళలో బావకి తను అబద్ధం చెప్పింది ఎప్పుడు. పేకాటలో. ఇంకోసారి, ఆస్పత్రిలో, బాగా కనిపిస్తున్నావు బావా అన్నప్పుడు, అప్పుడాయన గోడవైపు తిరిగి పడుకుని, “నీకు అబద్ధం అతకదురా, పళ్ళసెట్టులా ఊడిపోతుంది” అన్నాడు. ఇవాళ అతకాలి, ఈ ఒక్కటీ అతకాలి. రేపణ్ణుంచి ఏదైనా ఊడిపోనీ. అసలు రేపణ్ణుంచి ఏముంది, దుప్పటి కింద తోక చెడిన విమానం, నేలమాళిగలో రెండు స్టూళ్ళు. ఒక స్టూలు పైకి తెచ్చెయ్యాలి, చూడలేడు. ఎవరి కోసం చేస్తాడు ఇంక. తనకోసం ఎప్పుడూ చెయ్యలేదు, బావ ఎగరేస్తుంటే తల పైకెత్తి చూడ్డానికి చేశాడు.

ఆవ చేల మధ్య దుమ్ము లేచింది. వ్యాన్. ఇంకా గంట కొట్టలేదు, అక్క ఎప్పుడూ ముందే వస్తుంది. వెండెలిన్ లేచాడు. కుడి జేబు.

హెడ్విక్ వెనక తలుపు తీసి, చక్రాల కుర్చీ దించింది. కుర్చీలో ఉన్నది బావేనా అనిపించింది, వారంలో ఇంత చిక్కిపోతారా, క్లబ్బు టోపీ చెవుల మీదికి జారిపోతోంది. కానీ కళ్ళు నేరుగా తెల్లదుప్పటి వైపే పోయాయి. “ఒరే తమ్ముడూ, పొద్దున అయిదింటినుంచి నా ప్రాణం తోడేశాడు” అంది అక్క, “చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు, బూట్లు తుడవమన్నాడు, పెళ్ళికి కూడా ఇంత హడావిడి చెయ్యలేదు.” కంబళి మర్చిపోయానంటూ వ్యాన్ ముందువైపుకి వెళ్ళింది. బల్లల దగ్గరివాళ్ళు ఇటు తిరిగి చూస్తున్నారు, గెబ్‌హార్ట్ లేవబోతున్నాడు.

“కప్పేదిరా?” అన్నాడు ఓస్విన్.

వెండెలిన్ కుడి జేబులో చెయ్యి పెట్టాడు. తీశాడు. ఇచ్చాడు. ఇంత తేలికా అనిపించింది.

ఓస్విన్ కప్పుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, బొటనవేలు లోపల పెట్టి నొక్కాడు. గోరు తెల్లబడింది. వెండెలిన్ చూస్తున్నాడు, జిగురు మీద గీత కూడా పడలేదు, రాయి, అనవయ్యా, ఒక్క మాట అను, నీకు దణ్ణం. ఓస్విన్ కప్పులోకి చూడలేదు. దుప్పటి వంక చూస్తున్నాడు.

“మెత్తగా ఉందిరా” అన్నాడు.

“ఏంటి బావా?”

“గోరు దిగుతోంది. ఎగరెయ్యకు.”

“లేదు బావా, చూడు, గీతైనా...” అని ఆగిపోయాడు వెండెలిన్.

“ఆ రోజు ఎక్కువ పోశాను” అన్నాడు ఓస్విన్ మెల్లగా. “షెడ్డు అలవాటు. ఇంటికెళ్ళే దారిలోనే తట్టింది. నువ్వు చెబుతావని చూశా, తుడిచేసి మళ్ళీ కలిపావేమోనని చూశా. ఫోను చేసినప్పుడల్లా బ్రహ్మాండంగా ఉంది బావా, బ్రహ్మాండంగా ఉంది బావా అని నీ గొంతు వణుకుతుంటే అర్థమైంది.” నవ్వబోతే దగ్గు వచ్చింది. “నీకు అతకదని చెప్పానా లేదా?”

మరి తెలిసీ ఎందుకొచ్చావు బావా అని వెండెలిన్ అడగలేకపోయాడు. ఇస్త్రీ చొక్కా చూస్తే తెలుస్తూనే ఉంది. తను పొదిగిన ఆశనే ఆయనా మూడు వారాలు మంచం మీద పొదిగాడు.

అక్క కంబళి తెచ్చి ఆయన మోకాళ్ళ మీద కప్పింది. “ఏంటి, మొహాలు అలా పెట్టారు?”

“గాలి బాగాలేదట హెడ్విక్” అన్నాడు ఓస్విన్. “బామ్మర్ది వద్దంటున్నాడు. వచ్చే ఆదివారం వద్దాం.”

హెడ్విక్ తల తిప్పి కర్ర వైపు చూసింది. గుడ్డగొట్టం కదలకుండా వేలాడుతోంది. తర్వాత వంగి కంబళి అంచు ఆయన నడుం కింద దోపింది.

“అవును, గాలి ఎక్కువే ఉంది” అంది. “వచ్చే ఆదివారం వద్దాం.”

చర్చి గంట రెండు కొట్టింది. బల్లల దగ్గర కుర్చీలు జరిగాయి, ఎవరో ఇంజన్ రాజేశారు, మైదానమంతా ఒక్కసారి ఈల లేచింది. ఓస్విన్ టోపీ పైకి నెట్టుకుని, ఎవరిదో ఎర్ర విమానం ఆవ చేల మీదుగా లేవడం కళ్ళార్పకుండా చూశాడు. కప్పు ఇంకా ఆయన అరచేతుల మధ్యే ఉంది.

“దీన్ని నా దగ్గరే ఉంచుకుంటానురా” అన్నాడు, “మంచం పక్కన పెట్టుకుంటా. నేను కలిపిన ఆఖరిది కదా.”

ఎడమ జేబులో వెండెలిన్ గోరు మెత్తటి జిగురులోకి దిగిపోయి ఉంది.

“ఉంచుకో బావా” అన్నాడు.